కలివికోడి – మనం గయాళు అన్న నేల చరిత్ర

కడప, నెల్లూరు జిల్లాలలో ఉద్యోగం చేసిన మన సభ్యులందరికీ ఆ నేల బాగా పరిచయమే. ఒక వైపు కొండ, ఒక వైపు పొలం. ఆ రెంటి నడుమ, కొండా కాని పొలమూ కాని ఒక పట్టీ. ఎర్రటి గరపనేల, అక్కడక్కడ రాళ్ళు, తుమ్మ, రేగు, బలుసు, కలివి పొదలు, పొదకూ పొదకూ మధ్య గడ్డి. వానాకాలంలో నాలుగు నెలలు పచ్చగా ఉండి, తక్కిన కాలమంతా ఎండి కనిపిస్తుంది. మేకల కాపరులు, కట్టెలు కొట్టుకునేవారు, తేనె తీసేవారు తప్ప మరొకరు అటు తొంగిచూడరు. మన రికార్డులలో ఆ నేలను గయాళు అనో, బంజరు అనో, కొండ పోరంబోకు అనో రాసి ఊరుకున్నాం. అలా రాసిన చేతులలో నాదీ ఒకటి. పన్ను రాని నేలకు అంతకంటే పరిచయం అక్కరలేదనే అనుకున్నాం.

అయితే ప్రపంచంలో మరెక్కడా ఉన్నట్టు రుజువు లేని ఒక పక్షికి ఆ గయాళే ఇల్లు. పక్షిశాస్త్రజ్ఞులు దానిని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. ఆ ప్రాంతపు ప్రజలు కలివికోడి అంటారు. దాని కథ తెలుసుకుంటే ఆ నేల కథ కూడా తెలిసినట్టే. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఆ చరిత్రను ఎన్నుకున్నాను.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూద్దాం. నల్లమల దక్షిణపు కొస, లంకమల, వెలికొండ, పాలకొండ, శేషాచలం – ఇవన్నీ తూర్పు కనుమల శాఖలే. పెన్నానది వీటిని కోసుకుని సిద్ధవటం మీదుగా నెల్లూరు వైపు సాగిపోతుంది. కొండవాలుల మీద ఎర్రచందనం పెరుగుతుంది. ఆ చెట్టు సహజంగా పెరిగేది ముఖ్యంగా ఈ కొండలలోనే. వాలు దిగి మైదానం చేరేచోట అడవి పలచబడి ముళ్ళపొదల పచ్చికబయలు అవుతుంది. ఆఫ్రికా ఖండంలో ఇటువంటి బయళ్ళను సవన్నా అంటారని మనం భూగోళ పాఠంలో చదువుకున్నాం. మన దేశంలో మాత్రం చాలాకాలం దీనికి అటువంటి గౌరవం దక్కలేదు. నరికివేయగా మిగిలిన పాడుబడ్డ అడవి అనే దీనిని లెక్కించారు. ఈ బయళ్ళలో చాలా భాగం అనాదిగా ఇలాగే ఉన్న ప్రకృతి అని ఇటీవలి పరిశోధకులు చెబుతున్నారు.

అటువంటి చోట పక్షులను చూడడానికి తెల్లవారుజామున వెళ్ళిన వారికి నిరాశ ఉండదు. పొదల కింద కౌజులు, పూరేళ్ళు బిలబిల పరుగెత్తుతాయి. తుమ్మకొమ్మ మీద పాలపిట్ట రెక్క విప్పితే నీలిరంగు మెరుస్తుంది. మనిషి అలికిడి కాగానే తీతువు ఊరంతా చాటుతుంది. కొండ రాళ్ళ నడుమ పసుపు గొంతు బుల్‌బుల్ కనిపిస్తుంది. దక్షిణ భారతపు రాతికొండలలో తప్ప దొరకని ఆ పిట్టను 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు కూడా జెర్డానే. కాని కలివికోడి పగలు వెళ్ళినవాడికి కనిపించదు. దాని చరిత్ర అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది.

కలివికోడి సుమారు 27 సెంటీమీటర్ల పొడవుండే పక్షి. ఒళ్ళంతా మట్టిరంగు. నడినెత్తి ముదురురంగు, కంటిపైన వెడల్పయిన తెల్లటి చార, గొంతు మీద ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద రెండు అడ్డపట్టీలు. పొడుగాటి కాళ్ళు. ఆపద వస్తే ఎగరడం కంటే పొదల నడుమ పరుగెత్తి దాక్కోవడానికే ఇష్టపడుతుంది. చెదలు, చీమలు, ఇతర పురుగులు దాని ఆహారం. పగలంతా పొదనీడలో కదలకుండా ఉండి, పొద్దుగూకిన తర్వాత మేతకు బయలుదేరుతుంది. రంగు నేలలో కలిసిపోతుంది, నడక చీకటిలో కలిసిపోతుంది.

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ 1811లో ఇంగ్లండులో పుట్టాడు. 1836లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సర్వీసులో వైద్యుడుగా మన దేశానికి వచ్చాడు. రోగులకు మందులివ్వగా మిగిలిన సమయమంతా పక్షులు, చీమలు, పాములు, మొక్కల పరిశీలనకే వెచ్చించాడు. 1840ల ప్రాంతంలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడ ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. ఆ చుట్టుపక్కల అడవులను అరచేతి గీతల్లా ఎరిగిన యానాదులను చేరదీసి, ఏ జీవిని ఏమంటారు, అది ఎక్కడ తిరుగుతుంది, ఏం తింటుంది అని అడిగి తెలుసుకున్నాడు. 1843–47 మధ్య మద్రాసులో ఆయన ప్రచురించిన సచిత్ర పక్షి గ్రంథానికి బొమ్మలు వేసినవారు కూడా మనదేశపు చిత్రకారులే. తర్వాత 1862–64లో వచ్చిన ఆయన 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా' చాలాకాలం ఆ విషయంలో ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. 1872లో ఆయన మరణించాడు.

తూర్పు కనుమలలో జెర్డాన్ సేకరించిన ఒక కొత్త పక్షికి, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం నిర్వహిస్తున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రనామం పెట్టాడు. ఆ లాటిన్ పేరులోని 'బైటార్క్వేటస్' అన్న మాటకు రెండు కంఠహారాలు గలది అని అర్థం. రొమ్ము మీది రెండు పట్టీలను చూసి పెట్టిన పేరు. ఇలా నెల్లూరు, కడప కొండపాదాల పక్షి కలకత్తాలో నామకరణం పొంది, లండను పుస్తకాలలోకి ఎక్కింది.

ఆ తరువాత దానిని చూసినవారు బహు కొద్దిమంది. భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన విలియం బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో, సిరోంచ, భద్రాచలం ప్రాంతాలలో 1870కి అటూ ఇటూగా చూశాడు. 1900లో హోవార్డ్ కాంబెల్ అనంతపురం సమీపంలో చూసినట్టు నమోదయింది. అంతే. తర్వాత పుటలన్నీ ఖాళీ.

వెతకనివారు లేక కాదు. 1931–32లో సలీం అలీ నైజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిపినప్పుడు ఇది కంటపడలేదు. 1970లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు, అమెరికాకు చెందిన స్మిత్సోనియన్ సంస్థ వారు దీని పాత చోట్లను గాలించినా ఫలితం కనిపించలేదు. కలివికోడి అంతరించిపోయి ఉంటుందని చాలామంది నిశ్చయించుకున్నారు. పుస్తకాలలో దాని పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం చేరింది.

ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. 1917లో కోలార్ బంగారు గనులలో పశువైద్యుడుగా ఉన్న ఎర్నెస్ట్ గిల్బర్ట్ మీటన్ అనే ఆయన ఒక గుడ్డును సేకరించాడు. అది చేతులు మారి స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయానికి చేరి, అక్కడి బీరువాలో ఉండిపోయింది. దాదాపు శతాబ్దం గడిచాక, 2013లో డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తే అది కలివికోడి గుడ్డేనని తేలింది. అంటే 1900 తర్వాత కూడా ఆ పక్షి రుజువు ఒకటి మనుషుల చేతిలోనే ఉంది. చూసే కన్ను లేక దాగిపోయింది.

1985లో బొంబాయి సొసైటీ వారు మరొకసారి పూనుకున్నారు. ఆ బాధ్యతను భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు తీసుకున్నాడు. అంతకు ముందరి వారు బైనాక్యులర్లు పట్టుకుని పగలు అడవిలో తిరిగారు. ఈయన ఆ పనితోపాటు జెర్డాన్ నెల్లూరులో చేసిన పనినే మళ్ళీ చేశాడు. పక్షి రంగుల బొమ్మను పట్టుకుని ఊరూరా తిరిగి కాపరులను, వేటగాళ్ళను, అడవిలో బతికేవారిని అడిగాడు. లంకమల పాదాల దగ్గరి పల్లెలలో బొమ్మ చూసినవారు ఆశ్చర్యపడలేదు. ఇది మాకు తెలిసిన పిట్టే అన్నారు. కలివి పొదల చాటున ఉంటుంది కనుక కలివికోడి అంటామన్నారు. పగలు కనబడదు, రాత్రిపూట తిరుగుతుంది అన్నారు.

ఆ ఒక్క ముక్కతో ఎనభై ఆరేళ్ళ చిక్కుముడి విడిపోయింది. 1986 జనవరిలో సిద్ధవటం–బద్వేలు దారిలోని రెడ్డిపల్లి సమీపంలో, ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చి వెలుగులో ప్రాణంతో ఉన్న కలివికోడిని పట్టుకున్నాడు. భూషణ్ దానిని చూసి నిర్ధారించాడు. వార్త దేశదేశాల పత్రికలకు ఎక్కింది. అప్పటికి సలీం అలీ తొంభయ్యో ఏట ఉన్నారు. ఆ మరుసటి ఏడు, 1987లో ఆయన కన్నుమూశారు. దొరికిన ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. దాని దేహాన్ని బొంబాయి సొసైటీ సేకరణలో భద్రపరిచారు.

శాస్త్రం 'తప్పిపోయింది' అని రాసిన పక్షికి ఆ పల్లెలలో వాడుకపేరు నిలిచే ఉంది. పేరు నిలిచిందంటే చూస్తున్నవారు ఉన్నారన్నమాటే. ఎవరూ ఎరగని జీవికి ఎవరూ పేరు పెట్టరు. అంటే తప్పిపోయినది పక్షి కాదు, దానిని ఎరిగినవారిని అడగడం. జెర్డాన్‌కు తెలిసిన ఆ పద్ధతి తరువాతివారికి మరపు వచ్చింది. మన ఉద్యోగాలలో కూడా ఇది జరగలేదా? జమాబందీ రోజున గ్రామానికి వెళ్ళి లెక్కలు చూసుకుని వచ్చేశాం కాని, ఆ గయాళులో ఏముందని మేకలకాపరిని ఎన్నడైనా అడిగామా? నేనైతే అడగలేదు.

తిరిగి దొరికాక పనులు చురుకుగానే జరిగాయి. 1988లో సుమారు 464 చదరపు కిలోమీటర్ల మేర శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏట తపాలా శాఖ కలివికోడి బొమ్మతో రూపాయి బిళ్ళను విడుదల చేసింది. మనలో స్టాంపులు సేకరించే మిత్రుల ఆల్బములలో అది ఉండే ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీనిది మొదటి షెడ్యూలు. అంతర్జాతీయ జాబితాలో ఇది అంతరించే ప్రమాదపు అంచున ఉన్న పక్షుల వర్గంలో ఉంది.

2000 తర్వాత బొంబాయి సొసైటీ పరిశోధకులు, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కలిసి దీని జీవితాన్ని లోతుగా పరిశీలించారు. కనిపించని పక్షిని లెక్కించడానికి వారు ఎంచుకున్న ఉపాయం ముచ్చటైనది. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి చదును చేసేవారు. రాత్రి దాని మీద నడిచిన పక్షుల అడుగులను ఉదయం పరిశీలించేవారు. కలివికోడికి మూడే వేళ్ళు, వెనుక వేలు ఉండదు. అడుగు కొలతను బట్టి తక్కిన పక్షుల నుండి దీనిని వేరు చేసేవారు. దారిలో తనంతట తానే ఫొటో తీసే కెమెరాలు అమర్చారు. దాని కూతను మొదటిసారి రికార్డు చేశారు. పొద్దుగూకి చీకటి చిక్కబడే వేళ కొద్దిసేపు మాత్రమే అది కూస్తుందని తెలిసింది. రెండు అక్షరాల పొట్టి కూత, వెంటవెంటనే పలుమార్లు.

వారు తేల్చిన మరొక విషయం మనవంటివారు గుర్తుంచుకోదగినది. రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు ఉండి, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోటనే ఈ పక్షి ఎక్కువగా ఉంటుంది. పొదలు మరీ పలచబడినా ఉండదు, మరీ చిక్కబడినా ఉండదు. కొట్టివేస్తే పోతుంది. కదలనీయకుండా మూసివేసి అడవిగా పెంచినా పోతుంది. మితంగా మేకలూ పశువులూ మేసిన చోట పొదల నడుమ జాగా మిగులుతుంది, అక్కడ పరుగుకు వీలుంటుంది. మేత మితిమీరితే పొదే మిగలదు.

1950లో కె.ఎం. మున్షీ కేంద్రమంత్రిగా వనమహోత్సవం ప్రారంభించిన నాటి నుండి మనమందరం ఏటా మొక్కలు నాటాం. మంచిపనే చేశాం. కాని బంజరు కదా అని ఈ పొదల బయలులో నీలగిరి మొక్కలు బారులు తీర్చి నాటితే అక్కడి జీవులకు అది మేలు కాదు. ఖాళీగా కనిపించే చోటల్లా ఖాళీ కాదని మనకు ఆనాడు తెలియదు.

నీటి విషయం కూడా ఉంది. తెలుగుగంగ పథకం మనకు తెలిసినదే. మద్రాసు నగరపు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాల నుండి తలా 5 టి.ఎం.సి. చొప్పున ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. దానితోపాటు రాయలసీమ, నెల్లూరు భూములకు సాగునీరు. 1996లో కృష్ణాజలం తమిళనాడు చేరింది. ఈ కాలువ పనులే కలివికోడి ఇంటి ముంగిటికి వచ్చాయి. 2005లో లంకమల అభయారణ్యపు అంచున తవ్వకం సాగుతున్నట్టు బయటపడింది. పరిశోధకులు అభ్యంతరం తెలిపారు, విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం వరకు వెళ్ళింది. చివరికి కాలువ దారి మార్చారు. పక్షి తిరిగే భూమిలో మరికొంత ప్రభుత్వం సేకరించింది.

ఈ సందర్భంలో ఒక పక్షి కోసం నీళ్ళు ఆపుతారా అని అడిగినవారు ఉన్నారు. సీమలో నీటి విలువ ఎరిగిన వారెవరూ ఆ ప్రశ్నను తేలికగా తీసుకోరు. సోమశిల జలాశయం కింద ఇల్లూ వాకిలీ మునిగి వచ్చినవారికి కూడా ఈ కొండపాదాలలోనే చోటు దొరికింది. వారు పొదలు కొట్టి సేద్యం చేసుకున్నారంటే అది వారి తప్పు కాదు. 1991–2000 మధ్య కడప జిల్లాలోనూ దాని పొరుగునా ఇటువంటి పొదల భూమిలో పదోవంతుకు పైగా తరిగిపోయిందని ఉపగ్రహ చిత్రాలు చూసినవారు లెక్కతేల్చారు. ఎక్కువ భాగం సేద్యంలోకే పోయింది. కాని కాలువ కథ చెప్పేది వేరు. కాలువా ఆగలేదు, పక్షి ఇల్లూ పోలేదు. గీత కొంచెం పక్కకు జరిగింది, అంతే. ఆ గీత గీసే ముందే అక్కడ ఏముందో అడిగి ఉంటే తవ్వినది పూడ్చే ఖర్చు, కోర్టుల చుట్టూ తిరిగే కాలం మిగిలేవి.

తరువాత కలివికోడి మళ్ళీ మాటుమణిగింది. దశాబ్దానికి పైగా నిలకడైన ఆచూకీ దొరకలేదు. ఎర్రచందనం దొంగల బెడద వల్ల ఆ అడవులలో రాత్రిపూట తిరగడం పరిశోధకులకు కూడా కష్టమయింది. చీకటిలో తప్ప బయటికి రాని పక్షిని చీకటిలో వెతకరాని పరిస్థితి. అంతరించిపోయిందేమోనన్న మాట మళ్ళీ వినిపించసాగింది. అటువంటి సమయంలో, 2025 ఆగస్టులో, కొందరు పక్షి వీక్షకులు కడప ప్రాంతంలో చీకటి పడే వేళ దాని కూత విని రికార్డు చేశారు. కంటికి కనిపించకపోయినా ఆ రెండక్షరాల కూత చాలు. అది ఉంది.

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. సిద్ధవటం వెళ్ళినవారు పెన్న ఒడ్డున కోటను చూసి వస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు కోట చూశాక ఒక్కసారి లంకమల వైపు తిరిగి, కొండకూ ఊరికీ నడుమ ఉన్న ఆ ముళ్ళ బయలును కూడా చూడవలసిందిగా మిత్రులను కోరుతున్నాను. రాత్రి అడవిలోకి పోనక్కరలేదు. అనుమతి లేకుండా పోరాదు కూడా. తెల్లవారుజామున రోడ్డు అంచున అరగంట మౌనంగా నిలబడితే చాలు, కౌజులూ పాలపిట్టలూ పలకరిస్తాయి. మనుమలను వెంట తీసుకువెళితే మరీ మంచిది. కలివిపండ్లు దొరికితే రుచి చూపించండి, ఆ పొద పేరే ఒక పక్షికి ఎలా వచ్చిందో చెప్పండి. దారిలో మేకలకాపరి ఎదురైతే రెండు మాటలు మాట్లాడండి. మనం ఉద్యోగంలో ఉండగా అడగని ప్రశ్నలు ఇప్పుడైనా అడగవచ్చు. విశ్రాంతి జీవితంలో మనకు తీరిక ఉంది.

నేను ఏళ్ళ తరబడి గయాళు అని రాసిన కాలమును ఇప్పుడు దిద్దే అధికారం నాకు లేదు. ఆ రిజిస్టర్లు ఎప్పుడో చేతులు మారాయి. అందుకే ఆ దిద్దుబాటును మన సంఘ పత్రికలో రాసుకుంటున్నాను. ఆ నేల గయాళు కాదు. అనుభవదారు కాలములో రాయదగిన పేరు అక్కడ ఒకటుంది – కలివికోడి.